ఎడమ చేతి తొడుగు

బెర్గెన్‌లో గొడుగు పోగొట్టుకోనివాడు
ఆ ఊరికి నిన్న వచ్చినవాడై ఉండాలి.
ట్రాములో సీటు కింద, పడవలో మెట్ల పక్కన
నీళ్ళు కారుతూ దొరికినవన్నీ
రేవు దగ్గర ఒక నేలమాళిగకి చేరతాయి.
వాటిని వెతికిపెట్టే వెబ్‌సైటు మాది.
దానికి పదకొండు వందల ఎనభై టెస్టులు.
అవి నడిచి ముగియడానికి
నలభై ఒక్క నిమిషాలు.

టెస్టు చేసేది చిన్న పనే.
లేని మనిషి ఒకడు
లేని తొడుగు ఒకటి, ఎర్ర ఉన్నిది, ఎడమ చేతిది,
దొరికిందని రాయిస్తాడు.
వెనువెంటనే ఇంకొకడు వచ్చి అడుగుతాడు:
"ఎర్ర తొడుగు ఉందా?"
డేటాబేసు ఉందంటుంది.
సర్చ్ లేదంటుంది.
ఇద్దరూ అబద్ధం ఆడరు. అదే చిక్కు.

తొర్గైర్, నేను, చల్లారిన వాఫుల్ ఒకటి.
సర్వర్‌కి మెమరీ పెంచాం.
మూడు నిమిషాలు తగ్గినట్టే తగ్గి
రోజు విడిచి రోజు వచ్చే జ్వరంలా
మళ్ళీ ఎక్కి కూర్చుంది.
నెట్‌వర్కుని తిట్టాం. దానికేం తెలుసు పాపం.
లాగులు తిరగేస్తుంటే కనబడింది:
ప్రతి టెస్టుకీ ముందు ఇండెక్సు మొత్తం చెరిపి
మొదటి అక్షరం నుంచి మళ్ళీ కడుతున్నాం,
లాగిన్ పేజీలో బొత్తాం రంగు చూసే టెస్టుకి కూడా!
ఒక్క గిన్నె కడగడానికి
వంటింటి గోడలు పడగొట్టి కట్టుకున్నట్టు.

ఆపైన నిద్రలు.
'ఐదు సెకన్లు ఆగు' అన్న వాక్యం
రెండు వందల ఆరు చోట్ల.
మొదటిదాని పక్కన ఒక గమనిక:
'తీయొద్దు. ఎందుకో తెలీదు. స్వె. హ.'

స్వెర్రె ఇప్పుడు సోత్రా దీవిలో గొర్రెల్ని కాస్తున్నాడు.
ఫోనులో గాలి, మెడ గంటలు, ఆ వెనక ఆయన:
"మొదట ఒక్క సెకనే పెట్టానమ్మా.
ఒక శుక్రవారం అది చాల్లేదు.
రెండు చేశాను. డిసెంబరులో మూడు.
ఇంటికి వెళ్ళాలి కదా."

మర్నాడు నేలమాళిగలోకి దిగాను
నిజం వస్తువుల మధ్య కాసేపు నిలబడదామని.
ఎల్ద్‌బ్యోర్గ్ ముప్ఫై ఏళ్ళుగా అక్కడే.
బల్ల మీద తట్టలో తడి గొడుగులు, ఒక పళ్ళ సెట్టు, పసిపిల్ల బూటు.
"వచ్చినవి వచ్చినట్టు పుస్తకంలోకి ఎక్కించను.
తట్ట నిండాక ఒక్కసారే రాస్తా.
ఒక్కోదానికీ లేచి కూచుంటే నా మోకాళ్ళు ఏంగాను?"
మరి ఈలోపు ఎవరైనా వచ్చి అడిగితే?
ఆమె నావంక వింతగా చూసింది.
"అప్పుడు తట్టలోవి రాసేసి, చూసి చెప్తా.
వాళ్ళని కాసేపు నిద్రపొమ్మంటానా?"

వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చాను.
గొడుగు అక్కడే మర్చిపోయాను.

వెతుకులాటతో పని లేని టెస్టులన్నిటికీ
ఇండెక్సింగ్ ఆపేశాం.
నిజంగా వెతికేవి తొంభై మూడే.
వాటిలో తొడుగు పెట్టగానే ఒక్క వాక్యం:
తట్టలోవి ఇప్పుడే రాసెయ్, తర్వాత అడుగుతా.
నిద్రలు ఒక్కొక్కటే పెరుకుతుంటే
తొర్గైర్ వేలు ఒకటి రెండు చోట్ల తటపటాయించింది,
పడుకున్నవాళ్ళని లేపాలా అన్నట్టు.

ఆరు నిమిషాల పది సెకన్లు.

ఆ సాయంత్రం మా సైటులోనే వెతికాను:
నల్ల గొడుగు, పిడి విరిగింది.
లేదంది.
తట్ట ఇంకా నిండలేదేమో.

రాగ్న్‌ఫ్రిడ్ ఒక్కతే అలిగింది.
టెస్టులు నడిచేంతసేపూ ఆమె అల్లుకునేది.
ఒక్క విడతలో చిటికెన వేలు మొదలై
బొటనవేలి దాకా వచ్చేదట.
ఇప్పుడు ఊలు ఉండ విప్పేలోపే
అన్నీ పచ్చబడిపోతున్నాయి.

అన్నీ కాదు.
ఇరవైసార్లకోసారి
మూడు వందల పన్నెండో టెస్టు ఎర్రబడుతుంది.
మళ్ళీ నడిపితే ఏమీ ఎరగనట్టు పచ్చగా.

నిన్న శుక్రవారం. నాలుగున్నరకే చీకటి.
బస్సు పావుగంటలో ఉంది.
'ఒక్క సెకను ఆగు' అని టైపు చేశాను.
చాలాసేపు దానివంకే చూశాను.
చెరిపేసి, కోటు విప్పి
మళ్ళీ కుర్చీకి తగిలించాను.